ఖాళీ అన్న మాట బరువు

మా బాపు ఏ బండిలోనూ నిద్రపోయేవాడు కాదు. నాగపూర్ నుంచి చంద్రపూర్‌కి వచ్చే బస్సులో అందరూ తలలు వాల్చి గురకలు పెడుతుంటే, ఆయన ముందు సీటు కమ్మీ పట్టుకుని నిటారుగా కూర్చునేవాడు. కాసేపు కళ్ళు మూసుకో బాపూ అంటే, "ఈ బండిని ఎవడు జోకిండో ఏమో బిడ్డా" అనేవాడు. చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్ బొగ్గుగనిలో కాటా దగ్గర ముప్పై ఏళ్ళు లారీలు తూచిన మనిషి ఆయన. మా వైపు తూచడాన్ని జోకుడు అంటాం. కాలనీలో పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు, అందరికీ ఆయన కాటాబాబు. బరువు సంగతి వస్తే ప్రపంచంలో ఎవరినీ నమ్మేవాడు కాదు. నన్ను కూడా నమ్మడేమోనని చాలా ఏళ్ళు నాకొక గుబులు ఉండేది.

ఎందుకంటే నేను చేసిన ఉద్యోగం కూడా జోకుడే. నాగపూర్ విమానాశ్రయంలో ఒక విమాన సంస్థలో లోడ్‌షీట్లు రాసేదాన్ని. విమానం సొంత బరువెంత, మనుషులెంతమంది, సామాను ఎంత, అది ముందుందా వెనకుందా, ఇంధనం ఎంత, ఇవన్నీ కలిపి ఒక కాగితం మీద వేసి సంతకం పెట్టి పైలట్‌కి పంపాలి. ఆ కాగితం అందనిదే విమానం కదలదు. ఈ మధ్యే రిటైరై మళ్ళీ దుర్గాపూర్ చేరాను. ఈ కొలువుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ఇప్పుడు అంతా కంప్యూటరే చేస్తుంది కద మేడం, మేం నేర్సుకునేది ఏముంది?" అని అడుగుతారు. వాళ్ళకి నోటితో చెబితే నవ్వి ఊరుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, ఉన్నదంతా నా తప్పే.

ముందు స్టాల్ అన్న మాట సంగతి చెప్పాలి. మా కాలనీలో స్టాల్ అంటే చాయ్ దుకాణం. లారీ డ్రైవర్లకైతే ఎత్తు మీద ఇంజను ఆగిపోవడం. విమానానికి ఈ రెండూ కావు. రెక్క గాలిని కొంచెం ఏటవాలుగా ఎదుర్కొంటుంది కాబట్టే బరువు మోస్తుంది. వేగం తగ్గేకొద్దీ అదే బరువు మోయడానికి ముక్కు ఇంకా పైకెత్తాలి. ఎత్తగా ఎత్తగా ఒక హద్దు వస్తుంది. అది దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని ఉండదు, విడిపోతుంది. ఇంజన్లు భేషుగ్గా తిరుగుతూనే ఉంటాయి గానీ రెక్క మోయడం మానేస్తుంది. అది జరిగే వేగమే స్టాల్ వేగం.

అది ఇంత అని విమానం తలుపు మీద రాసి ఉండదు. బరువు పెరిగితే అదీ పెరుగుతుంది. రెక్కల అంచున ఉండే ఫ్లాపులు దించితే తగ్గుతుంది. దిగేముందు రెక్క విచ్చుకోవడం కిటికీలోంచి మీరు చూసే ఉంటారు, అందుకే అది. ఒక పక్కకి వంగి మలుపు తిరిగితే రెక్కకి బరువు ఎక్కువ తెలుస్తుంది, స్టాల్ వేగం మళ్ళీ పెరుగుతుంది. సామాను మరీ ముందుకు సర్దితే తోక కిందికి నొక్కాల్సి వస్తుంది, ఆ నొక్కుడు కూడా రెక్కే మోయాలి. రెక్క మీద మంచు పేరుకుంటే ఇంకో గొడవ. వీటిలో ఫ్లాపులూ మలుపులూ పైలట్ చేతిలో ఉన్నవి. బరువు మాత్రం ఆయనకి కనపడదు. మా విమానాల్లో తమని తాము తూచుకునే కాటా లేదు. నేను సంతకం పెట్టిన కాగితమే ఆయనకి కాటా.

ఇక ఆ రోజు సంగతి. సంత్రల కాలం, అంటే నాగపూర్‌లో ఊరంతా నారింజ వాసన వేసే రోజులు. పొద్దుటి నుంచి మా కంప్యూటర్లు పనిచేయడం లేదు. మిగతావాళ్ళు కంగారు పడుతుంటే నాకు లోలోపల పండగగా ఉంది. చేత్తో లోడ్‌షీట్ వెయ్యడం ఆ ఆఫీసులో నా అంత బాగా ఎవరికీ రాదు మరి. అబ్బో, ఆ గర్వం ఎంతని చెప్పను. పైగా మా విభాగం పెద్ద కుర్చీ ఖాళీ అయింది, దాని ఇంటర్వ్యూ పై వారమే. పొద్దున రెండు విమానాలు చేత్తోనే పంపించాను. మధ్యాహ్నం మూడోది.

దాని వెనక హోల్డ్‌లో, అంటే మనుషులు కూర్చునే చోటికి కింద తోక వైపు ఉండే సామాను అరలో, రెండున్నర టన్నుల సంత్రల పెట్టెలు వెళ్ళాలి. కానీ వాటి లారీ మార్కెట్ దగ్గర ఇరుక్కుంది, వస్తే ఎక్కుతాయి లేకపోతే లేదు అన్నారు కార్గో వాళ్ళు. నేను తెలివిగా సంత్రలు లేవనుకుని ముందే ఒక లోడ్‌షీట్ వేసి పెట్టుకున్నాను. ఉంటే మళ్ళీ మొదటి నుంచీ వెయ్యాలి. విమానం అప్పటికే ఆలస్యం. కౌంటర్ నుంచి ఒకటే ఫోన్లు.

సామాను ఎక్కించే జట్టుకి మేస్త్రీ ఒకతను ఉండేవాడు. మా చంద్రపూర్ వైపే, ఘుగ్గుస్ మనిషి, వాళ్ళ నాన్న గని పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. అతనికి ముప్పై అయిదేళ్ళు దాటాయి, ఇద్దరు పిల్లలు. కాంట్రాక్టు కొలువు, గేటు పాసు లాక్కుంటే బతుకు ఆగిపోతుంది. మరాఠీ బడిలో చదివాడు. నాతో తెలుగు, తన జట్టుతో మరాఠీ, ఆఫీసర్లతో హిందీ మాట్లాడేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. నాకు ఆ పిలుపు ఇష్టమే గానీ, డ్యూటీలో మేడం అనాలని కసురుతుండేదాన్ని. ఏ సామాను ఎక్కడ పెట్టాడో కాగితం మీద రాసి సంతకం పెట్టి అతను నాకు తెచ్చివ్వాలి, అది చూసుకుని నేను లోడ్‌షీట్ ముగించాలి. అదీ పద్ధతి. ఆ రోజు అతని కాగితం ఇంకా రాలేదు. నేను రేడియో అందుకున్నాను.

"వెనక హోల్డ్ సంగతేంది? సంత్రలేమైనయ్? జల్ది చెప్పు."

అటువైపు విమానం హోరు. ఆ హోరులోంచి అతని గొంతు వచ్చింది. "ఖాళీ, అక్కా." మళ్ళీ కొంచెం గట్టిగా, "మొత్తం ఖాళీ."

వెనక హోల్డ్ గడిలో సున్నా చుట్టి సంతకం పెట్టి పైకి పంపాను. తలుపులు మూశారు. విమానం కదిలింది. నేను చాయ్ తెప్పించుకుని ఒక గుక్క తాగానో లేదో, మేస్త్రీ మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. చేతిలో ఆ కాగితం.

"ఆగమాగం అయింది గని, అయిపోయింది అక్కా. సంత్రల పెట్టె ఒక్కటి మిగల్లే. అన్ని ఎక్కినయ్."

నేను కిటికీలోంచి చూశాను. విమానం రన్‌వే వైపు పోతోంది, తోక నా వైపుంది. దాని కడుపులో పైలట్‌కి తెలియని రెండున్నర టన్నులు ఉన్నాయి. ఆ తర్వాత అర నిమిషం నేనేం ఆలోచించానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నేను ఆ విమానంలోని మనుషుల గురించి ఆలోచించలేదు. పై వారం ఇంటర్వ్యూ గురించి ఆలోచించాను. ఏమీ కాదులే, చక్కగా లేచి చక్కగా దిగుతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. అర నిమిషం చిన్నదేం కాదు, విమానం అప్పటికి రన్‌వే మలుపు దాకా వెళ్ళింది. మేస్త్రీ నా మొహం చూసి, "ఏమైంది అక్కా?" అన్నాడు. ఆ అక్కా అన్న మాటకేమో, నా చెయ్యి రేడియో మీదికి పోయింది.

"నా లోడ్‌షీట్ తప్పు, కెప్టెన్. లేవకండి."

"ఎంత తప్పు?"

"రెండున్నర టన్నులు. వెనక."

ఆయన, థాంక్యూ, వెనక్కి వస్తున్నాం అన్నాడు. కొత్త లోడ్‌షీట్ వేసి పంపేసరికి ముప్పావు గంట పట్టింది. నా చేతిరాతని నేనే గుర్తు పట్టలేకపోయాను.

సాయంత్రం ఆ కెప్టెనే తిరుగు విమానం తెచ్చి, నేరుగా మా గదికి వచ్చాడు. పుణె మనిషి, తల నెరిసినవాడు. అరుస్తాడనుకున్నాను. అరవకపోయేసరికి నాలో పొగరు మళ్ళీ తలెత్తింది. లెక్క వేశాను సార్, బరువు నూటికి నాలుగు పెరిగితే స్టాల్ వేగం నూటికి రెండే పెరుగుతుంది, మహా అయితే మూడు నాట్లు, గంటకి అయిదారు కిలోమీటర్లు, మనిషి నడిచినంత, అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దిగేటప్పుడు స్టాల్ వేగానికి పైన మేం దాదాపు పావు వంతు ఎడం ఉంచుకుంటాం, అన్నాడు హిందీలో. ఆ ఎడంలో గాలి కుదుపుకి కొంత వాటా, మలుపుకి కొంత, నా చెయ్యి తప్పినప్పటికి కొంత. మీరు రాసిన సున్నా నా వాటా తినేసింది. అదొక్కటే కాదు, బరువంతా వెనక ఉంది, లేచేటప్పుడు ముక్కు నేను అనుకున్నదానికన్నా ముందే పైకి లేచేది. ఏమీ కాకపోయేదేమో. కానీ ఏమో అన్న మాట మీద అంతమందిని కూర్చోబెట్టలేను కదమ్మా. అదంతా మెల్లగా చెప్పి, పిలిచి చెప్పినందుకు ఇంకోసారి థాంక్యూ అని లేచి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మా మేనేజరు మాత్రం అప్పటికే నివేదిక రాసి పెట్టాడు. వెనక హోల్డ్ ఖాళీ అని లోడర్ తప్పుడు సమాచారం ఇచ్చాడు, అని ఒకే ముక్క. నేను సంతకం చేస్తే చాలు. సోమవారం విచారణ. మేస్త్రీ గేటు పాసు అప్పుడే తీసేసుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు అందులో అన్యాయం కనపడలేదు. అతను ఖాళీ అన్నాడు, ఒకసారి కాదు రెండుసార్లు, నా చెవులతో విన్నాను. అతని మీద ఒళ్ళు మండిపోతోంది కూడా. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని శనివారం దుర్గాపూర్ వచ్చాను.

బాపు అప్పటికి గని నుంచి రిటైరై చాలా ఏళ్ళయింది. అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. స్టాల్ అంటే ఇంజన్ బందయినట్టేనా అని అడిగాడు. కాదని చెప్పి, పళ్ళెం ఏటవాలుగా పట్టుకుని చూపించాను. ఆయనకి చప్పున అర్థమైంది, బరువు మాటలు ఆయనకి ఎప్పుడైనా తొందరగానే అర్థమవుతాయి.

"ఖాళీ అని ఎవరన్నరు?"

"మేస్త్రి. రేడియోల చెప్పిండు."

"నువ్వు సూసినవా?"

"నాకు తీరలే బాపూ. విమానం లేటయితుంటే ఎట్ల పోత?"

"అంటే చెవితోని జోకినవన్నట్టు" అన్నాడు. కోపంగా కాదు, ఏదో జ్వరం ఉందా అని అడిగినట్టు. నాకు చిన్నప్పటి కాటా గుర్తొచ్చింది. ఖాళీ లారీ వచ్చిందంటే బాపు దాని చక్రం మీద కాలు పెట్టి పైకెక్కి లోపలికి తొంగి చూసేవాడు. నమ్మకం లేదా కాటాబాబూ అని డ్రైవర్లు నవ్వేవారు. నాక్కూడా నామోషీగా ఉండేది. ఒకసారి జారి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు, మానగానే మళ్ళీ ఎక్కాడు.

ఆదివారం మధ్యాహ్నం మేస్త్రీ ఘుగ్గుస్ నుంచి బండి మీద వచ్చాడు. రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేడు. నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. బాపే అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

"అక్కను ఒక్కసారి పిలువు కాకా. నేనేం తప్పు చేసిన్నో తెలుస్తలేదు. సాబ్ ఏదో కాగితం మీద దస్తకత్ పెట్టుమన్నడు. నేను పెట్టలే."

నాకు ఆగలేదు. గుమ్మంలోకి వచ్చి, "ఖాళీ అన్నవా లేదా? రెండుసార్లు అన్నవ్. అన్నవా లేదా చెప్పు" అన్నాను.

"అన్న అక్కా. నిజంగ ఉండె గద. నేనే నిలవడి పెట్టిపిచ్చిన."

"ఏం పెట్టిపిచ్చినవ్ ఖాళీలో?"

"సంత్రలు. ఖాలీ." అంటూ వేలితో నేల చూపించాడు.

నాకు అర్థం కాలేదు. బాపు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "మళ్ల చెప్పు కొడుకా. సంత్రలు ఏడున్నయ్?"

"ఖాలీ, కాకా." మళ్ళీ వేలు నేల వైపే.

మరాఠీలో ఖాలీ అంటే కింద. ఆ ముక్క తెలియని మనిషి చంద్రపూర్ జిల్లాలో లేడు. రోజుకి పదిసార్లు నేనూ అంటాను, బస్సులో అంటాను, కూరగాయల బండి దగ్గర అంటాను. అతను తన జట్టుతో మరాఠీలో అరుస్తూ అరుస్తూ, అదే నాలుకతో నాకు జవాబు చెప్పాడు. సంత్రలు కింద హోల్డ్‌లోకి వెళ్ళాయి అక్కా, మొత్తం కిందే ఉన్నాయి అన్నాడు. నేను తెలుగులో విన్నాను. అతను ల అన్నాడు, నేను ళ అని విన్నాను.

మీకు నవ్వు రావచ్చు. మాకు ఆ రోజు నవ్వు రాలేదు. మేస్త్రీ నా మొహం, బాపు మొహం మార్చి మార్చి చూసి, సంగతి అర్థమయ్యాక రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. "నేను అబద్ధం చెప్పలే అక్కా" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నాకు తెలుగు చదవడం రాయడం బడి నేర్పలేదు, బాపు నేర్పాడు. పాడైపోయిన కాటా చిట్టీల వెనక ఒక్కో అక్షరం రాసి దిద్దించేవాడు. కాలనీ పిల్లలందరికీ ళ పలకదు, ల అంటారు. నేను ళ సరిగ్గా అనేదాకా ఆ రోజు అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. మేస్త్రీ వెళ్ళాక బాపు, "నోటికైతే నేర్పిన బిడ్డా, చెవికి నేర్పకపోతి" అన్నాడు. తప్పు తనదే అన్నట్టు అన్నాడు. అది నాకు ముల్లులా గుచ్చుకుంది. నిజానికి నా చెవి తప్పు కూడా కాదది. నాకు ఖాళీ అన్న జవాబే కావాలి. ఖాళీ అయితే లోడ్‌షీట్ మళ్ళీ వేసే పని లేదు. కావలసిన మాట వినపడితే ఇంకోసారి ఎవరడుగుతారు?

"ఏం చెయ్యుమంటవ్ బాపూ?" అన్నాను. సంచిలోంచి మేనేజరు కాగితం తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "నన్నెందుకు అడుగుతవ్? విమానం కాగితం మీద దస్తకత్ ఎవరిది?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

సోమవారం విచారణలో మేనేజరు, పెద్దాఫీసు నుంచి వచ్చిన ఒకాయన, ఆ కెప్టెన్ కూర్చున్నారు. నాకు పని వచ్చో రాదో చూడటానికి మొదటి ప్రశ్న కెప్టెనే అడిగాడు. స్టాల్ వేగం దేని మీద ఆధారపడుతుంది? నేను బడిపిల్లలా అప్పజెప్పాను. బరువు, ఫ్లాపులు, మలుపు, సామాను ముందుందా వెనకుందా, రెక్క శుభ్రంగా ఉందా లేదా. ఇంకేమైనా ఉందా అన్నాడాయన. ఉంది సార్ అన్నాను. ఆ బరువు రాసే మనిషి కుర్చీలోంచి లేచి చూసిందా లేదా అన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. నేను లేవలేదు. అతని కాగితం రాకముందే సంతకం పెట్టాను. అతను సరుకు ఎక్కడుందో సరిగ్గానే చెప్పాడు, నేను నాకు నచ్చినట్టు విన్నాను. ఖాలీ సంగతి వివరించేసరికి పెద్దాఫీసాయనకి అర్థం కాలేదు గానీ, కెప్టెన్ మరాఠీ మనిషి కదా, నేల వైపు చూసి తల పట్టుకున్నాడు.

మేస్త్రీ పాసు రెండు రోజుల్లో తిరిగి వచ్చింది. నన్ను మూడు నెలలు లోడ్‌షీట్ల నుంచి తప్పించి గేటు దగ్గర బోర్డింగ్ పాసులు చింపే పనిలో పెట్టారు. పెద్ద కుర్చీ ఇంకొకరికి పోయింది, తర్వాత మళ్ళీ నా దాకా రాలేదు. బాధ పడలేదంటే అబద్ధం. ఆ కుర్చీ ముందు నుంచి నడిచినప్పుడల్లా ఏదో ఒకటి అనిపించేది. ఆ తర్వాత మా స్టేషన్లో ఖాళీ అన్న మాటే వాడకూడదని కట్టడి చేసుకున్నాం. ఏమీ లేకపోతే నిల్ అనాలి, ఉంటే ఎక్కడుందో హోల్డ్ పేరుతో చెప్పాలి. నేను మాత్రం రిటైరయ్యే దాకా, కంప్యూటర్ ఉన్నా లేకపోయినా, సంతకానికి ముందు మెట్లు దిగి వెళ్ళి హోల్డ్‌లోకి తొంగి చూసి వచ్చేదాన్ని. లోడర్లు నవ్వేవారు. కాటాబాబు బిడ్డ వచ్చిందిరో అనేవాడు మేస్త్రీ.

మరుసటేడు బాపు కంటి ఆపరేషన్‌కి హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. నా తమ్ముడు అక్కడ ఉంటాడు. విమానంలో పంపుతానంటే సరే అన్నాడు గానీ, వీల్‌చైర్‌లో కూర్చున్నాక ఒక పేచీ పెట్టాడు.

"నన్ను జోకలేదు గద ఇంకా?"

మనుషుల్ని తూచం బాపూ, తలకి డెబ్బై అయిదు కిలోలని సగటు వేసుకుంటాం అన్నాను. ఆయన బరువు నలభై ఎనిమిది. మొహం మాడ్చుకుని, "జోకకుంటనే రాస్తరా? గిదేం కాటా" అన్నాడు. కాసేపటికి ఆయనే సర్దుకుని, "పోనియ్, నాకాడ మిగిలింది ఎవడో లావుటోడు వాడుకుంటడు" అన్నాడు. నవ్వాను గానీ నా పాత గుబులు పోలేదు. ఆ రోజు లోడ్‌షీట్ నాదే. నేను జోకిన బండిలో ఆయన ఎక్కడం అదే మొదలు. బస్సులో ఎలా కూర్చుంటాడో విమానంలోనూ అలాగే కమ్మీ పట్టుకుని కూర్చుంటాడు, గంట సేపు నా కాగితాన్ని అనుమానిస్తూ కూర్చుంటాడు అనుకున్నాను.

"కాకాను మంచిగ కూసోబెట్టినం అక్కా. వెనక హోల్డ్ నిల్, నేను ఎక్కి సూసిన" అన్నాడు మేస్త్రీ రేడియోలో. నేనూ వెళ్ళి చూసి వచ్చి, సంతకం పెట్టాను.

గంటన్నర తర్వాత తమ్ముడి ఫోన్. వాడు నవ్వుతున్నాడు. "అక్కా, బాపు విమానం లేవకముందే పండుకున్నడంట. దిగినంక ఎయిర్‌హోస్టెస్ పిల్ల తట్టి లేపిందంట."

నేను నమ్మలేదు. బాపుకి ఇవ్వమన్నాను. "బాపూ, నిజంగ నిద్రపోయినవా?"

"పోక ఏం జేస్త? నువ్వే జోకితివి గద" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

నేను ఏడ్చాను. తర్వాతి విమానం కాగితం పట్టుకుని మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పాపం, నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, అప్పుడు దాన్ని నా చేతికిచ్చాడు.